ఏడు రోజుల్లో ఆల్బమ్ సరే, దానికి ముందు రెండేళ్ల సంగతి?

"అన్నా, మేం నలుగురం, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. గిటార్ మీద నాలుగు కార్డ్స్ వచ్చు. డ్రమ్స్ వాయించేవాడికి స్పీడ్ నిలబడదు, మార్చాలా? రమోన్స్ వాళ్ళు మొదటి ఆల్బమ్ వారంలో చేసేశారట. మేం కూడా సంక్రాంతి సెలవుల్లో స్టూడియో బుక్ చేసుకుని చేసేద్దామనుకుంటున్నాం. అవుతుందా? తెలుగులో పాడితే పంక్‌లా ఉంటుందా?" అని కదా తమ్ముడూ మీరు అడిగింది.

నేను పాతికేళ్లుగా హైదరాబాద్‌లో సౌండ్ రికార్డింగ్ పనిలో ఉన్నాను. భక్తి పాటల క్యాసెట్లతో మొదలుపెట్టాను. తర్వాత జానపదాలు, ఎలక్షన్ పాటలు, ఈ మధ్య కాలేజీ బ్యాండ్లు. పంక్ అంటే మూడు నాలుగు కార్డ్స్‌తో (కలిపి మోగించే స్వరాల గుంపులు) సాదాగా, వేగంగా వాయించే రాక్. దాని మీద పిచ్చి మాత్రం నా కాలేజీ రోజుల నుంచే ఉంది. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

రమోన్స్ అంటే న్యూయార్క్ పంక్ బ్యాండ్. వాళ్ళు వారంలో చేసిన మాట నిజమే. 1976 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఏడు రోజుల్లో అయిపోయింది. మొదటి మూడు రోజులు వాయిద్యాలు, తర్వాత నాలుగు రోజులు గొంతు. ఖర్చు 6,400 డాలర్లు. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. ఆ కాలంలో పెద్ద రాక్ బ్యాండ్లు నెలల తరబడి స్టూడియోలో కూర్చుని లక్షల డాలర్లు తగలేస్తున్నాయి. అందుకే ఈ లెక్క చూసి అందరూ నోరెళ్లబెడతారు. మీరూ అక్కడే పొరబడ్డారు. ఏడు రోజులు రికార్డింగ్‌కి పట్టిన టైం. పాటలు తయారవడానికి పట్టింది రెండేళ్లు.

ఆ రెండేళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే మీకు పనికొచ్చేదంతా అందులోనే ఉంది.

న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతంలో ఫారెస్ట్ హిల్స్ అని ఒక పేట. అక్కడి కుర్రాళ్ళు వీళ్ళు. జాన్ కమ్మింగ్స్ కన్‌స్ట్రక్షన్ పనిలో ఉండేవాడు. డగ్లస్ కాల్విన్ ఒక ఆఫీసులో వచ్చిన ఉత్తరాలు విడదీసి పంచే ఉద్యోగం చేసేవాడు. 1974 జనవరిలో ఇద్దరూ కలిసి మానీస్ అనే మ్యూజిక్ షాపుకి వెళ్ళారు. జాన్ 50 డాలర్ల చిల్లర పెట్టి మోస్‌రైట్ కంపెనీ గిటార్ కొన్నాడు, డగ్లస్ డానెలెక్ట్రో కంపెనీ బేస్ గిటార్ కొన్నాడు. మోస్‌రైట్ అంటే అప్పట్లో ఎవరికీ మోజు లేదు, చవగ్గా వచ్చింది కాబట్టి కొన్నాడంతే. ఈ రోజు ఆ మోడల్ గిటార్ ధర చూస్తే మీ ఫీజులు గుర్తొస్తాయి.

జెఫ్రీ హైమన్ అనే పొడుగాటి కుర్రాణ్ణి కలుపుకున్నారు. టామీ ఎర్డెల్యీ అని ఇంకో స్నేహితుడు. హంగేరీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు, అప్పటికే రికార్డింగ్ స్టూడియోలో అసిస్టెంట్‌గా పని చేసినవాడు. అతను మొదట బ్యాండ్‌లో లేడు, మేనేజర్‌లా పక్కనుండి నడిపించేవాడు. బీటిల్స్ తొలి రోజుల్లో పాల్ మెకార్ట్నీ కొన్నాళ్ళు పాల్ రమోన్ అని పేరు పెట్టుకున్నాడు. డగ్లస్‌కి అది నచ్చి డీ డీ రమోన్ అయ్యాడు, తర్వాత అందరూ ఆ ఇంటిపేరే పెట్టుకున్నారు. జాన్ జానీ అయ్యాడు, జెఫ్రీ జోయీ అయ్యాడు, డీ డీ, టామీతో కలిపి నలుగురూ రమోన్లే. అన్నదమ్ములు కారు, చుట్టాలు అసలే కారు. తర్వాత్తర్వాత వాళ్ళలో వాళ్ళకి మాటల్లేని ఏళ్ళు కూడా గడిచాయి.

మీ డ్రమ్మర్ ప్రశ్నకి సమాధానం ఇక్కడే ఉంది. వాళ్ళ మొదటి షో 1974 మార్చి 30న. ఆ రోజు డ్రమ్స్ మీద కూర్చున్నది ఎవరనుకున్నారు? జోయీ. పాడింది డీ డీ. రెండూ కుదరలేదు. డీ డీకి బేస్ వాయిస్తూ పాడటం చేతకాలేదు, కొన్ని పాటలకే గొంతు పోయేది. జోయీకి మీవాడిలాగే స్పీడ్ అందలేదు. పాటలు రోజురోజుకీ వేగం పెరుగుతున్నాయి, అతను వెనకబడుతున్నాడు. వెళ్ళిపొమ్మన్నారా? లేదు. ఇతని గొంతు బావుంది కదా అని టామీ గమనించి, జోయీని మైక్ ముందుకి తెచ్చాడు. డ్రమ్స్ కోసం బయటివాళ్ళని పిలిచి ఆడిషన్లు పెట్టారు. వచ్చినవాళ్ళంతా వాయించగలరు, మంచి వాయిద్యగాళ్ళు కూడా. ప్రతివాడూ రోల్స్ వేస్తాడు, విన్యాసాలు చేస్తాడు. వీళ్ళకి కావలసింది అది కాదు. టామీ తనే కూర్చుని "ఇదిగో, ఇలా సాదాగా" అని చూపించబోయి, చివరికి తనే డ్రమ్మర్ అయ్యాడు. అతనికి అంతకుముందు డ్రమ్స్ రావు.

కాబట్టి మీవాణ్ణి తీసేసే ముందు ఒకసారి మైక్ ఇచ్చి చూడండి. ఎవరు ఏది వాయించాలన్నది మొదటి రోజు ఎవరి ఇంట్లో ఏ వాయిద్యం ఉందో దాన్ని బట్టి తేలిపోతుంది మన దగ్గర. నా స్టూడియోకి వచ్చే బ్యాండ్లలో సగం అంతే. మారిస్తే నామోషీ అనుకుంటారు.

1974 ఆగస్టు 16న మొదటిసారి సీబీజీబీలో వాయించారు. బవరీ వీధిలో ఇరుకు బార్ అది. పేరులోని మొదటి మూడక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె పాటలకి గుర్తు, ఓనర్ హిల్లీ క్రిస్టల్ ఆ పాటల కోసమే పెట్టుకున్నాడు. వచ్చింది మాత్రం వీళ్ళు. స్టేజీ మీదే ఏ పాట వాయించాలా అని పోట్లాడుకునేవాళ్ళు, మధ్యలో ఆపేసేవాళ్ళు. జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అయినా మళ్ళీ మళ్ళీ అక్కడే వాయించారు. నెలలు గడిచేకొద్దీ పోట్లాటలు పోయి సెట్, అంటే షోలో వరసగా వాయించే పాటల జాబితా, బిగిసింది. పాటకి పాటకి మధ్య ఖాళీ లేకుండా డీ డీ "వన్ టూ త్రీ ఫోర్" అని అరవడం, వెంటనే తర్వాతిది. మొత్తం సెట్ 17 నిమిషాల్లో అయిపోయేది.

జానీ వాయించే తీరు గురించి ఒక పేరా రాయకపోతే నాకు నిద్ర పట్టదు. గిటార్ తీగ మీద పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి. మనం మామూలుగా కిందికి ఒకటి, పైకి ఒకటి కొడతాం, చేతికి సుఖం. అతను పైకి కొట్టడు. అన్నీ కిందికే. ఆ వేగంలో సెకనుకి ఐదారు దెబ్బలు పడాలి. రెండు నిమిషాల పాటకి దాదాపు 700 దెబ్బలు. పైకి కొట్టే దెబ్బ కాస్త పల్చగా, కిందికి కొట్టేది బరువుగా ఉంటుంది. అన్నీ కిందికే కొడితే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడి, రంపపు మిల్లు పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. నేను పాతికేళ్ల వయసులో ఒకసారి అలా వాయించాలని కూర్చున్నా. నలభై సెకన్లకి మోచేయి కింద కండ రాయిలా బిగుసుకుపోయింది. ఆ మర్నాడు టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నా. నాలుగు కార్డ్స్ చాలు అన్న మాట నిజమే, కానీ ఆ నాలుగింటినీ ఎలా వాయించారన్నది ఇది.

1975లో ఒకసారి రెండు పాటల డెమో (నమూనా) రికార్డ్ చేసుకున్నారు. తర్వాత డానీ ఫీల్డ్స్ మేనేజర్‌గా వచ్చాడు. సైర్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్‌లో (రికార్డులు వేసే కంపెనీలో) పనిచేసే క్రెగ్ లియోన్ వీళ్ళని పట్టుకున్నాడు. ఓనర్ సేమర్ స్టైన్, అతని భార్య లిండా ఒప్పుకున్నారు. ఇక స్టూడియో. రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనం పైన ప్లాజా సౌండ్ అని పాతకాలపు పెద్ద స్టూడియో ఉండేది. ఆర్కెస్ట్రాలు కూర్చుని వాయించడానికి కట్టిన చోటు. చిరిగిన జీన్స్‌తో నలుగురు అక్కడికి వెళ్ళారంటే, మన వైపు వీధి నాటకం బృందాన్ని రవీంద్రభారతి స్టేజీ ఎక్కించినట్టు ఊహించుకోండి.

ప్రొడ్యూసర్ క్రెగ్ లియోన్, అసోసియేట్ ప్రొడ్యూసర్‌గా టామీ పేరు కూడా కవర్ మీద ఉంటుంది. బ్యాండ్‌లో ఒకడికి స్టూడియో పని తెలిసి ఉండటం వాళ్ళ అదృష్టం, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. స్టూడియో గడియారం తిరగడం మొదలయ్యాక వాళ్ళు పాటలు రాయలేదు, శ్రుతి ఎంతలో పెట్టాలా అని చర్చించలేదు, ముగింపు ఎలా ఉండాలో వెతుక్కోలేదు. బార్‌లో ఏడాదిన్నర వాయించిన సెట్‌ని ఇక్కడికి మోసుకొచ్చి దింపారు.

అలా అని మైకులు పెట్టి ఒక్కసారి వాయించి ఇంటికి పోలేదు. గొంతుకి నాలుగు రోజులు ఎందుకు పట్టిందో ఆలోచించండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆల్బమ్ ఏ పాటైనా పెట్టండి. ఇప్పుడు కుడి చెవిది తీసేయండి. గిటార్ దాదాపు మాయం, బేస్ మిగులుతుంది. ఎడమది తీసి కుడిది పెట్టుకోండి, బేస్ పోయి గిటార్ వస్తుంది. గొంతూ డ్రమ్సూ మధ్యలో ఉంటాయి. తొలి బీటిల్స్ స్టీరియో రికార్డుల్లో ఇలా ఉండేది, కావాలనే ఆ పద్ధతి తీసుకున్నారు. మూడు కార్డ్స్ వచ్చిన బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో ఇంత ఆలోచన ఉంది. పైగా ఒక పాటలో ఆ భవనంలోని పైప్ ఆర్గాన్ కూడా వాడుకున్నారు. మీరు గిటార్ నేర్చుకోవాలన్నా ఇది బాగా పనికొస్తుంది, ఒక చెవిలో జానీ ఒక్కడే దొరుకుతాడు.

కవర్ ఫొటో సంగతి సరదాగా ఉంటుంది. లేబుల్ తీయించిన ఫొటోలు ఎవరికీ నచ్చలేదు. పంక్ అనే పత్రిక కోసం రాబర్టా బేలీ తీసిన ఒక నలుపు తెలుపు ఫొటోని 125 డాలర్లకి కొన్నారు. ఇటుక గోడకి ఆనుకుని నలుగురు. ఆ తర్వాత ప్రపంచంలో ప్రతి బ్యాండూ ఒక ఇటుక గోడ వెతుక్కుంది.

1976 ఏప్రిల్ 23న విడుదలైంది. బిల్‌బోర్డ్ అనే అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో 111 దగ్గర ఆగిపోయింది. గోల్డ్ రికార్డ్ అనిపించుకోవడానికి 2014 వరకు, అంటే 38 ఏళ్ళు పట్టింది. అప్పటికి నలుగురిలో టామీ ఒక్కడే బతికున్నాడు, ఆ జూలైలో అతనూ పోయాడు. మీ పాటకి మొదటి వారం ఎన్ని వ్యూస్ వస్తాయని టెన్షన్ పడేవాళ్ళకి చెప్తున్నాను.

ఇప్పుడు నా స్టూడియోలో జరిగిన ఒక ముచ్చట. కొన్నేళ్ళ కింద నలుగురు కుర్రాళ్ళు వచ్చారు, పేర్లు వద్దు. మూడు రోజులు బుక్ చేసుకున్నారు, ఆరు పాటలు. మొదటి రోజు ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా డ్రమ్స్ మైకులు సెట్ చేయడం, అది నా పని, తప్పదు. రెండింటికి మొదటి పాట. రెండో చరణం తర్వాత ఆగిపోయారు. "ఇక్కడ ఎన్నిసార్లు తిప్పుదాం?" అని ఒకడు. "నాలుగు" అని ఒకడు, "ఎనిమిది కదా మనం అనుకున్నది" అని ఇంకొకడు. సాయంత్రం ఆరింటికి బిర్యానీ తెప్పించుకున్నారు. రెండో రోజు సింగర్‌కి ఆ శ్రుతి పైకి అందట్లేదని తెలిసింది. పాపం, అంతకుముందు ప్రాక్టీస్‌లో ఎప్పుడూ అతని గొంతు ఎవరికీ వినపడలేదు, గిటార్ శబ్దం పెంచే యాంప్లు అంత పెద్దగా పెట్టుకునేవాళ్ళు. మూడో రోజు రాత్రికి రెండు పాటలు తేలాయి. డబ్బు తీసుకోవడానికి నాకే మొహమాటం వేసింది. వాళ్ళకి వాయించడం రాక కాదు. మీకంటే బాగానే వాయిస్తారు, ఏమీ అనుకోకండి.

దీని పక్కన పెట్టి చూడటానికి భజన మండలి ఒకటి. అదే నెలలో వచ్చారు. అందరూ అరవై దాటినవాళ్ళు, ఒకాయనకి హార్మోనియం, ఒకాయనకి తబలా, మిగతావాళ్ళకి తాళాలు. ప్రతి శనివారం గుళ్ళో పాడేవే పాడారు. పొద్దున వచ్చి భోజనాల వేళకి ఎనిమిది పాటలు ఇచ్చి పోయారు. రమోన్స్ ఏడు రోజుల రహస్యం నాకు నిజంగా బుర్రకెక్కింది ఆ మధ్యాహ్నమే.

లేబుల్ లేదు, డబ్బు లేదు అంటారేమో. ఇంకో రెండు ఉదాహరణలు. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ వాళ్ళు గిటారిస్ట్ తండ్రి దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబర్ 28న ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డ్ చేశారు. 1977 జనవరిలో తామే వెయ్యి కాపీలు వేసుకున్నారు. కవర్ వెనక ఏ పాట ఎన్నో టేక్‌లో అయిందో కూడా అచ్చేశారు, నాలుగింటిలో మూడు మొదటి టేకే. చదివినవాడికి "ఇంతేనా, మనమూ చేయొచ్చు" అనిపించాలని. నాలాంటివాడికి ఆ కవర్ దేవుడి పటంతో సమానం.

వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ ఇంకా చిన్నవాళ్ళు, హైస్కూల్ కుర్రాళ్ళు. షోల మీద వచ్చిన డబ్బు ఎవరూ ముట్టుకోకుండా ఒక చుట్టల పెట్టెలో వేశారు. డాన్ జియెంటారా అనే ఆయన ఆర్లింగ్టన్‌లో తన ఇంట్లోనే స్టూడియో పెట్టుకుంటే అక్కడ రికార్డ్ చేసుకున్నారు. 1980 చివర్లో బ్యాండ్ విడిపోయింది, పెట్టెలో 600 డాలర్లు ఉన్నాయి. పంచుకుందామా, రికార్డ్ వేద్దామా అనుకుని, రికార్డ్ వేశారు. అదే డిస్కార్డ్ లేబుల్ మొదటి రికార్డ్, ఎనిమిది పాటలు, వెయ్యి కాపీలు. అట్టలు ఎలా చేయాలో తెలియక ఒక పాత రికార్డ్ అట్టని విప్పి, పరిచి, కొలతలు గీసుకుని, ప్రింట్ చేయించి, కత్తెరతో కోసి, జిగురు పెట్టి అతికించారు. ఒక్కొక్కటీ చేత్తో. అందులో ఇద్దరు, ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్, వెంటనే మైనర్ థ్రెట్ పెట్టారు. మీకు ఆ గొడవ లేదు, పాట అప్‌లోడ్ చేయడానికి జిగురు అక్కర్లేదు. కానీ షో డబ్బు ముట్టుకోని ఆ పెట్టె మాత్రం ఈ రోజే పెట్టుకోండి.

తెలుగులో పాడాలా అన్నదానికి నా అభిప్రాయం, పాడాలి. కానీ ఒక చిక్కుంది. మన మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి, సాగుతాయి. మెలొడీకి అది వరం. ఆ వేగంలో మాత్రం సాగే మాట కాలికి అడ్డం పడుతుంది. ఇంగ్లీష్ మాట తలుపు వేసినట్టు ఠక్కున ఆగుతుంది. దీనికి మందు మన భాషలోనే ఉంది, ఒత్తులు. "వద్దు", "పట్టు", "చెప్పు", "తప్పు", "గట్టిగా". ఒత్తు దగ్గర గొంతు ఒక క్షణం ఆగి కొడుతుంది, సరిగ్గా స్నేర్ (డ్రమ్స్‌లో ఠప్పున మోగే డ్రమ్ము) దెబ్బ మీద దాన్ని కూర్చోబెట్టండి. "నా మనసులోని వేదన" అని రాసుకొస్తే నేనే వెనక్కి పంపిస్తాను. మీరు రోజూ మాట్లాడుకునే భాషలో, హాస్టల్ మెస్ గురించో, అటెండెన్స్ గురించో, కింద పోర్షన్ ఆంటీ గురించో రాయండి. రమోన్స్ రాసిందీ వాళ్ళ పేట గురించే, చూసిన హారర్ సినిమాల గురించే.

ఇంకో మాట. వాళ్ళ మొదటి పాటలో అందరూ కలిసి అరిచే నినాదం ఉంటుంది కదా, అది బే సిటీ రోలర్స్ అనే స్కాటిష్ పాప్ బ్యాండ్ హిట్‌లో వారం పేరుని అక్షరం అక్షరం విడదీసి అరిచే తీరు విని పెట్టుకున్నది. నినాదం అంటే మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బంద్ రోజున ధర్నా చౌక్ దగ్గర పావుగంట నిలబడండి. ఒకడు అందుకోవడం, వందమంది ముగించడం, డప్పు దాన్ని పట్టుకుని నడవడం. నాలుగు బీట్ల లెక్క తప్పదు. మీ నాలుగు కార్డ్స్ కింద అది పెట్టి చూడండి.

సంక్రాంతికి స్టూడియో మాత్రం వద్దు. ఆ డబ్బుతో జామ్ రూమ్ (బ్యాండ్లు ప్రాక్టీస్ చేసుకునే అద్దె గది) గంటల లెక్కన తీసుకోండి, వారానికి రెండుసార్లు. ఆరు పాటలు చాలు, ఏదీ రెండున్నర నిమిషాలు దాటొద్దు. ఫోన్ గది మూలన నేల మీద పెట్టి రికార్డ్ చేయండి, మైక్ దగ్గర పెట్టొద్దు. ఇంటికెళ్ళి వినండి. గొంతు వినపడకపోతే తప్పు సింగర్‌ది కాదు, యాంప్లది. ఆరు పాటలూ మధ్యలో ఎవరూ ఎవరినీ ఏమీ అడక్కుండా, వరసగా మూడుసార్లు వాయించగలిగిన రోజు నాకు మెసేజ్ పెట్టండి. అది వేసవి సెలవులకి అవ్వొచ్చు, వచ్చే దసరాకి అవ్వొచ్చు. డ్రమ్స్ మైకులు నేను ముందు రోజు రాత్రే సెట్ చేసి పెడతాను, దానికి అద్దె తీసుకోను.